కటాఫ్ ర్యాంకు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ కటాఫ్ ర్యాంకు గారి దివ్యసముఖానికి, కంప్యూటర్ ఇంజనీరింగు సీటు కోరే కుటుంబాల తరఫున విన్నపం.

ఈఏపీసెట్ ఫలితాలు వచ్చిన నాటి నుంచి వెబ్ ఆప్షన్ల గడువు ముగిసేదాకా రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ తమ మాటే శాసనం. తాము, అనగా నిరుడు ఒక కాలేజీలో, ఒక బ్రాంచిలో, ఒక్కో రిజర్వేషన్ వర్గంలో చిట్టచివరి సీటు దక్కిన అభ్యర్థి ర్యాంకు. నెట్ సెంటర్లో తల్లిదండ్రులు తీయించుకునే ప్రింటులో కాలేజీ కోడ్ పక్కన ఓసీ బాలురు, ఓసీ బాలికలు, బీసీ-ఎ అంటూ సాగే గళ్లన్నిటిలోనూ తామే కొలువై ఉంటారు.

తమ అధికారాన్ని శంకించే సాహసం ఎవరికీ లేకపోయినా, అది దేనిమీద నిలిచిందో పరిశీలించక తప్పదు. తాము తెలిపేది నిరుడు ఆ సీటుకున్న గిరాకీని మాత్రమే. అందులో కాలేజీ బస్సు, హాస్టలు, ఫీజు, పక్కింటి అబ్బాయి అక్కడే చేరడం అన్నీ కలిసి ఉంటాయి, బోధన ఉండవచ్చు, ఉండకపోవచ్చు. నిరుటి అంకె చూసే ఈ ఏడు ఆప్షన్లు పెడతారు గనుక కొత్త అంకె కూడా దాదాపు అక్కడే తేలుతుంది; తమ వంశపాలన రహస్యం ఇదే. బ్రాంచివారీ సీట్ల గరిష్ఠ పరిమితిని ఏఐసీటీఈ, అంటే అఖిల భారత సాంకేతిక విద్యా మండలి, 2024-25 నుంచి సడలించాక కంప్యూటర్ సీట్లు పెరిగిన చోట ఆ అంకెకు కొలతగా విలువ మరీ తగ్గింది.

బోధన సంగతి తెలియాలంటే చూడవలసినవి వేరే ఉన్నాయి. జాతీయ అక్రిడిటేషన్ బోర్డు, అంటే ఎన్‌బీఏ, బ్రాంచివారీగా, నిర్ణీత గడువుకు గుర్తింపు ఇస్తుంది. ఉన్నత విద్యాసంస్థలను మదింపు చేసే నాక్ ఇచ్చే గ్రేడు మొత్తం సంస్థకు. గేటు మీద ఎన్‌బీఏ అని రాసి ఉన్నా అది సివిల్‌కో మెకానికల్‌కో వచ్చినది కావచ్చు. నిన్నమొన్న తెరిచిన ఏఐ-ఎంఎల్ బ్రాంచికైతే, బ్యాచ్‌లు చదువు ముగించి బయటికి వచ్చేదాకా అది వచ్చే వీలే లేదు. ఇరవై మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడన్న ప్రమాణం తనిఖీ నాడే కాక తక్కిన రోజుల్లోనూ నిలుస్తోందో లేదో, మైక్రోప్రాసెసర్ ల్యాబులో ఒక్కో 8086 కిట్టు చుట్టూ ఎందరు మూగుతున్నారో అక్కడి మూడో ఏడాది పిల్లలను అడిగితే తేలిపోతుంది. ప్రాస్పెక్టస్‌లో మాత్రం తేలదు.

కనుక తల్లిదండ్రులు ప్రింటు తీయించుకునే ఆ జాబితాలో బ్రాంచికి ఎన్‌బీఏ గడువు ఎప్పటిదాకా ఉందో, అధ్యాపకులెందరో తెలిపేందుకు తమ గళ్లలో రెండిటిని దయతో ఖాళీ చేయవలసిందిగా ప్రార్థన. మరొక మనవి: సీటు కేటాయించే కంప్యూటరు అభ్యర్థి ఆప్షన్లను మొదటి నుంచి వరుసగా చూస్తుంది కాబట్టి, అందదనుకున్న కాలేజీని పైన పెట్టినంత మాత్రాన కింద రావలసిన సీటు చేజారదు; తమకు జడిసి వరుస మార్చుకునే వారికి ఈ ఒక్క సంగతైనా తమ నోటనే చెప్పాలి.