ఇంకొక్క ముక్క!

పేకాటలో పోగొట్టుకున్నవాడు ఒకప్పుడు జాతకాన్ని తిట్టుకునేవాడు, కలిపినవాడి చేతివాటాన్ని అనుమానించేవాడు, ఇంటికెళ్ళి పెళ్ళాం దగ్గర నోరు మూసుకునేవాడు. పోకర్ వచ్చాక ఆ మర్యాద పోయింది. ఇప్పుడు ఓడినవాడు మనకు లెక్కలు చెబుతున్నాడు.

డాలస్ చుట్టుపక్కల, ఫ్రిస్కోలోనో ప్లానోలోనో, శుక్రవారం రాత్రి భోజనాలయ్యాక మనవాళ్ళ ఇళ్ళలో టెక్సస్ హోల్డెమ్ పోకర్‌కి కూర్చుంటారు. ఆ ఆట పుట్టినిల్లు తమ రాబ్స్‌టౌనేనని టెక్సస్ చట్టసభ 2007లో తీర్మానం కూడా చేసింది. ఉన్న ఊరి ఆచారాన్ని గౌరవించాలి కదా! ఆ బల్ల దగ్గర ఓ లెక్కల మాస్టారు తప్పనిసరిగా ఉంటాడు. చేతిలో ఐదు, ఆరు ఇస్పేట్లు. బల్ల మీద పరిచిన మూడు ముక్కల్లో రెండు ఇస్పేట్లు. ఇంకొక్క ఇస్పేటు పడితే ఐదూ ఇస్పేట్లే, అంటే ఫ్లష్. ఇలా ఒక్క ముక్క కోసం ఎదురుచూసే చేతిని డ్రా అంటారు. ప్రస్తుతానికి చేతిలో ఉన్నది సున్నా, కాకపోతే ఉజ్వల భవిష్యత్తున్న సున్నా.

మిగిలిన ఇస్పేట్లు 9, కనబడని ముక్కలు 47. తర్వాతి ముక్కకే ఇస్పేటు పడే అవకాశం 19 శాతం, రావాల్సిన రెండు ముక్కలూ చూస్తే 35 శాతం. తొందరలో తేల్చుకోవడానికి ఓ ఎక్కం ఉంది: ఒక్క ముక్క కోసమైతే 9ని 2తో, రెండు ముక్కల కోసమైతే 4తో హెచ్చవేయాలి. ఎక్కం మంచిదే. మాస్టారికి నాలుగో ఎక్కం మాత్రమే వచ్చు.

బల్ల మధ్యలో పోగైన సొమ్ములో, అంటే పాట్‌లో, 100 డాలర్లున్నాయి, ఎదుటివాడు ఇంకో 100 వేశాడు. 200 కోసం 100 పెట్టాలి, అంటే కనీసం 33 శాతం గెలవాలి. "తొమ్మిది నాలుగులు ముప్ఫై ఆరు!" అని మాస్టారు కాల్ కొట్టాడు, అంటే ఆ వందా కట్టాడు. ఆ 36 రెండు ముక్కలకి. ఆ వందకి ఆయన కొన్నది ఒక్కటే. నాలుగో ముక్క ఇస్పేటు కాలేదు. పాట్ 300 అయింది, ఎదుటివాడు మళ్ళీ 300 వేశాడు. ఇప్పుడు అవకాశం 20 శాతం కూడా లేదు, కావాల్సింది మళ్ళీ 33. విజయవాడ దాకా టిక్కెట్టు తీసుకున్నాననుకుని సూర్యాపేటలో కండక్టరుతో తగువుపడే ప్రయాణికుడిలా మాస్టారు బిత్తరపోయి, అంతలోనే తేరుకుని, ఆ 300 కూడా కట్టేశాడు. ఉన్నదంతా మొదటి మూడు ముక్కల దగ్గరే మధ్యలోకి నెట్టేస్తే తప్ప, రెండు ముక్కలూ ఒకే ధరకి రావు.

ఇదెందుకయ్యా అని అడిగామా, బ్రహ్మాస్త్రం తీస్తాడు: ఇంప్లైడ్ ఆడ్స్. ఇప్పుడు పాట్ చాలకపోయినా, ముక్క పడ్డాక ఎదుటివాడి దగ్గర ఇంకా రాబట్టొచ్చు అని. నిజమే, కాకపోతే ఎదుటివాడు ఇవ్వాలి. బల్ల మీద మూడో ఇస్పేటు పడిందంటే అది అందరికీ కనబడుతుంది. తెలివైనవాడు ముక్కలు పారేస్తాడు. సంతోషంగా డబ్బు వేసేవాడెవడంటే, ఆసు ఇస్పేటు చేతిలో పెట్టుకుని ఇంకా పెద్ద ఫ్లష్ కొట్టినవాడు. ముక్క పడకపోతే కొంత పోతుంది, పడితే మొత్తం పోతుంది. మధ్యలో ఏడు లేని ఐదు, ఆరు, ఎనిమిది, తొమ్మిది వరసకి కూడా ఈయన ఇదే అస్త్రం వాడతాడు. పేకలో ఏడులు నాలుగే. తర్వాతి ముక్కగా ఒకటి పడే అవకాశం తొమ్మిది శాతం లోపే.

డ్రా ఆడే ఒడుపు లేకపోలేదు. డేవిడ్ స్క్లాన్‌స్కీ 'ది థియరీ ఆఫ్ పోకర్'లో సెమీ బ్లఫ్ గురించి విడమరిచి చెప్పాడు: డ్రా ఉన్నవాడే ముందు పందెం వేస్తే, ఎదుటివాడు భయపడి పారేసినా గెలుపే, పారేయకపోతే ముక్క పడే అవకాశం ఎలాగూ ఉంది. వేసేవాడికి గెలుపుకి రెండు దారులు, కాల్ కొట్టేవాడికి ఒకటే. మాస్టారి దగ్గర ఆ పుస్తకం ఉంది. అయినా ఆయన పందెం వేయడు, కాల్ కొడతాడు. పందెం వేస్తే రిస్కట!

చివరికి, ఇది నైపుణ్యం ఉన్న ఆట, సుప్రీంకోర్టే చెప్పిందంటాడు. 1967లో సికింద్రాబాద్‌లోని ఓ క్లబ్బు కేసులో కోర్టు చెప్పింది రమ్మీ సంగతి, పోకర్ సంగతి కాదు. పడిన ముక్కలు గుర్తుంచుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియాలి, కాబట్టి అందులో నైపుణ్యం ఉందంది. మాస్టారు ఉంచుకోవడంలో నిపుణుడే. పారేయడమే ఇంతవరకూ ఎవరూ చూడలేదు. ఇటు 2025లో మన పార్లమెంటు, నైపుణ్యమా అదృష్టమా అన్న మీమాంస పెట్టుకోకుండానే, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. ఆ చట్టం ఫ్రిస్కో దాకా పోదు.

కాబట్టి అక్కడున్న పాఠకులకు ఒక మాట. మీ బల్ల దగ్గర ఇలాంటి మాస్టారుంటే ఆయనతో వాదించకండి. పాట్ ఎంతుందో అంత వేయండి. నాలుగో ముక్కకి ఇస్పేటు పడకపోతే మళ్ళీ పాట్ ఎంతైందో అంత వేయండి. ఆయన కడతాడు.