గొట్టం బాబాయి

డల్లాస్ చుట్టుపక్కల ఫ్రిస్కోలోనో, ప్లేనోలోనో, ఇర్వింగ్‌లోనో నాలుగు తెలుగు కుటుంబాలు ఒకచోట చేరి భోంచేస్తే అందులో ఒకాయన తప్పకుండా ఉంటాడు. పప్పు వడ్డించుకుంటూ, "అయితే థాంక్స్‌గివింగ్‌కి అందరూ క్రూజ్ అనుకుంటున్నారట?" అని మొదలెడతాడు. అప్పటికి ఎవరూ అనుకుని ఉండరు. పెరుగన్నంలోకి వచ్చేసరికి అందరూ అనుకుంటారు. గాల్వెస్టన్ రేవులో ఎక్కే ఓడ, అది ఆగే మెక్సికోవాళ్ల కోజుమెల్ దీవి, దాని చుట్టూ నీళ్లలో ఉన్న పగడాల దిబ్బలు, వాటి మధ్య తిరిగే చేపలు, ఆ చేపల్ని చూడ్డానికి కావలసిన సరంజామా, అన్నీ వరసగా వడ్డనలోకి వచ్చేస్తాయి. పిల్లలకు ఆయన అంకుల్, ఆడవాళ్లకు అన్నయ్యగారు, మగవాళ్లకు అన్న. చేతులు కడుక్కోవడానికి అటు లేవగానే మాత్రం అందరికీ గొట్టం బాబాయే.

ఆ పేరు ఆయనకూ తెలుసు. తెలిసినా చిన్నబుచ్చుకోడు. ఎవరైనా నోరుజారి ఎదురుగా అనేస్తే అదే అదనుగా గొట్టం గురించి చెప్పడం మొదలెడతాడు. ముఖం నీళ్లలో ఉంచి ఊపిరి పీల్చుకునే స్నార్కెల్ గొట్టం ముప్పై అయిదు, నలభై సెంటీమీటర్లకు మించి ఎందుకుండదో తెలుసా? మీటరు గొట్టం పెట్టుకుని మీటరు లోతులో తిరుగుదామనుకుంటే నీళ్ల ఒత్తిడికి ఛాతీ విచ్చుకోదు, గాలి పీల్చలేవు. పైగా నువ్వు వదిలిన గాలి గొట్టం దాటి బయటికి పోకుండా మళ్లీ నీ ఊపిరితిత్తుల్లోకే వస్తుంది. అందుకని గొట్టం పొట్టిగానే ఉండాలి. ఇదంతా పొట్టిగా చెప్పడం మాత్రం ఆయనకు చేతకాదు.

బాబాయిని ఏమైనా అనొచ్చుగానీ కోతలరాయుడు అనడానికి లేదు. చెప్పే ప్రతి ముక్కా నిజమే. చిక్కంతా ముక్కలు ఎక్కువైపోవడంలో ఉంది.

టికెట్లు బుక్కయ్యాక వచ్చే మొదటి ఆదివారం ఆయన ఇంట్లో మాస్కుల పరీక్ష. పట్టీ తలకు తగిలించకుండా మాస్కును ముఖానికి ఆనించాలి. ముక్కుతో కాస్త గాలి లోపలికి లాగి చేతులు వదిలెయ్యాలి. మాస్కు కింద పడకపోతే అది నీ ముఖానికి చేసిందే, పడితే వేరేది చూసుకో. ఆ మధ్యాహ్నం ఆయన హాల్లో అరడజను మంది సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు చేతులు వేలాడేసి, ఊపిరి బిగబట్టి, కళ్లు పెద్దవి చేసుకుని వరసగా నిలబడి ఉంటారు. సామాను ఇవ్వడానికి వచ్చిన అమెజాన్ కుర్రాడు తలుపు సందులోంచి ఒకసారి చూసి, పెట్టె గడప దగ్గర పడేసి, వెనక్కి తిరిగి చూడకుండా వ్యాన్ ఎక్కేస్తాడు.

ఆ తర్వాత టూత్‌పేస్టు. కొత్త మాస్కు అద్దానికి లోపలివైపు తయారీలోనే ఒక సన్నని జిడ్డు పొర అంటుకుని ఉంటుంది. అది పోకపోతే నీళ్లలో దిగిన నిమిషానికే అద్దం మసకబారుతుంది. తెల్లటి మామూలు పేస్టుతో, జెల్ కాదు సుమా, రెండు మూడు సార్లు రుద్ది కడగాలి. ఆ వారమంతా ఆ గుంపులోని ఇళ్లల్లో పళ్లకంటే అద్దాలే తెల్లగా మెరుస్తాయి.

ఈ ఏర్పాట్లకు ఎదురుతిరిగేది ఆయన బావమరిది. అతను ముఖమంతా కప్పే మాస్కు కొనుక్కొచ్చాడు. నోట్లో గొట్టం కరిచిపట్టుకోనక్కర్లేదు, ముక్కుతో హాయిగా ఊపిరి పీల్చుకోవచ్చు. డెకథ్లాన్ వాళ్లు 2014లో మార్కెట్లోకి తెచ్చిన రకం.

"వద్దురా. నీళ్లు లోపలికొస్తే చప్పున ఊడదీయడం కష్టం. నాసిరకం దాంట్లో వదిలిన గాలే మళ్లీ పీలుస్తావు. చాలా టూర్ పడవలవాళ్లు అసలు ఎక్కనివ్వరు."

"2020లో కరోనా వచ్చినప్పుడు ఇటలీ ఆస్పత్రుల్లో రోగులకు ఇవే తగిలించారు కదా బావా?"

"రోగి మంచం మీద పడుకున్నాడ్రా. నువ్వు సముద్రంలో ఉంటావు."

అక్కడితో ఆ వాదన ముగిసింది. మాస్కు గరాజ్‌లోకి వెళ్లిపోయింది.

ఇక బాబాయి సంచి. కాళ్లకు తొడిగే పొట్టి ఫిన్స్, రాళ్ల మీద నడవడానికి రబ్బరు జోళ్లు, నోటితో ఊది నింపుకునే తేలే జాకెట్లు, చేతులు పూర్తిగా కప్పే ఈత చొక్కాలు, అద్దాలకు పూయడానికి బేబీ షాంపూ, తెగితే వేయడానికి పట్టీలు, ఫోన్‌కు నీళ్లు తగలని కవరు, మెడలో ఈల. కళ్లజోడు ఉన్నవాళ్లకు అర నంబరు తేడాతో దొరికే రెడీమేడ్ లెన్సులు బిగించిన మాస్కులు వేరే. భార్య సూట్‌కేస్‌లో సగం కూడా ఈ సామానే ఆక్రమిస్తుంది. ఆవిడ ఒక్క మాటే అడిగింది. "మనం ఒక పూట నీళ్లలో దిగడానికి వెళ్తున్నామా, ఓడ మునిగితే ఎలాగా అని వెళ్తున్నామా?"

ఓడ కోజుమెల్ చేరే రోజు పొద్దున బఫేలో ఇడ్లీ దొరక్క బ్రెడ్డు ముక్కలతో సరిపెట్టుకుంటున్న మా గుంపును పట్టుకుని బాబాయి ఆఖరి పాఠం చెప్పాడు. ఇర్వింగ్ నుంచి వచ్చిన కొత్త జంట బుద్ధిగా తలలూపుతూ విన్నారు.

"ఫోన్లు ఎయిర్‌ప్లేన్ మోడ్‌లోనే ఉంచండి. పొరపాటున ఓడ టవర్ పట్టుకుందా, ఇంటికెళ్లాక బిల్లు చూసి ఏడుస్తారు. రెండోది టైమ్. ఈ దీవి ఉన్న కింతానా రో రాష్ట్రం 2015లో గడియారం మార్చేసుకుంది. వేసవికీ చలికాలానికీ ఒకటే టైమ్. అంచేత ఇప్పుడు మన టెక్సాస్ కంటే గంట ముందుంటారు. మన ఓడ మాత్రం టెక్సాస్ టైమే పాటిస్తోంది. దీవిలో ఎంత టైమ్ కనిపించినా అందులోంచి ఒక గంట తీసెయ్యండి. మూడున్నరకల్లా ఓడలో ఉండాలి."

తీసెయ్యడం బాబాయికి ఇష్టమైన లెక్క. దాని సంగతి ముందు ముందు మళ్లీ వస్తుంది.

ఎక్కడ దిగాలన్నదీ ఆయనే తేల్చాడు. మెత్తటి ఇసుకా, గొడుగులూ, పడక కుర్చీలూ ఉన్న బీచ్‌ల దగ్గర ఒడ్డున చేపలు తక్కువ, దిబ్బలు చూడాలంటే పడవ ఎక్కాలి. రాతి ఒడ్డు ఉండి మెట్ల మీంచి నేరుగా నీళ్లలోకి దిగే చోట చేపలు ఎక్కువ. అందుకని చంకనాబ్ పార్కు. అక్కడ ప్రవాహం మామూలుగా దక్షిణం నుంచి ఉత్తరానికి లాగుతుంది కాబట్టి ముందు ఎదురు ఈది, అలసిపోయాక నీటి వాలుకు వెనక్కి రావాలి.

ఒడ్డున సన్‌స్క్రీన్ సీసా తీసిన ప్రతి చేతినీ ఆయన పట్టుకున్నాడు. ఈ దిబ్బలు 1996 నుంచి జాతీయ పార్కు. క్రీముల్లోని కొన్ని రసాయనాలు పగడాలకు చేటని హవాయి 2021 నుంచి రెండు రకాలవాటి అమ్మకాన్నే ఆపేసింది. క్రీము కంటే చొక్కా మేలు. వీపూ మోకాళ్ల వెనక భాగమూ కాలిపోతాయని నీళ్లలో ఉన్నంతసేపూ తెలియదు, రాత్రి పక్క మీద తెలుస్తుంది. మెడ నుంచి మణికట్టు దాకా నల్లటి బిగుతు చొక్కాల్లో వరసగా నిలబడ్డ మమ్మల్ని చూసి పక్కనున్న అమెరికన్ దంపతులు ఏదో పోటీ జరుగుతోందనుకుని చప్పట్లు కొట్టారు.

"మాస్కు కారిందంటే కారణాలు మూడు," అన్నాడు బాబాయి. "అంచు కింద జుట్టు ఇరుక్కోవడం, పట్టీ మరీ బిగించడం, మీసం. పైకొచ్చాక దాన్ని నుదుటి మీదికి తోసుకోవద్దు, మెడలోకి దింపుకోండి. నుదుటి మీదుంటే అల కొట్టుకుపోతుంది. పైగా డైవింగ్ చేసేవాళ్లు మాస్కు నుదుటి మీదున్నవాణ్ణి చూస్తే ఏదో ఆపదలో ఉన్నాడనుకుంటారు. బొటనవేలు పైకెత్తితే బాగున్నానని కాదు, పైకి వెళ్దామని. బాగుంటే తల మీద పిడికిలి పెట్టండి. చెయ్యి పైకెత్తి ఊపితే మాత్రం రక్షించమని."

అందరి జుట్లూ సర్దాడు, అందరి పట్టీలూ సడలించాడు. తనది మాత్రం కారుతూనే ఉంది. నిండైన మీసం ఆయనది. ముక్కు కింద సన్నగా ఒక గీత గొరిగితే చాలని ఆయనే చెప్పాడు, వేరేవాళ్లకు. సిలికాన్ గ్రీజు పట్టించాడు. అయినా రెండు నిమిషాలకోసారి పైకొచ్చి మాస్కు ఖాళీ చేసుకోవాల్సి వచ్చింది.

"తీసెయ్యొచ్చుగా బావా?" అన్నాడు బావమరిది, గరాజ్‌లో ఉన్న మాస్కును తలుచుకుంటూ.

"నాన్నగారు పోయినప్పుడు తీశాను. చేప కోసం తియ్యను."

బాబాయి నీళ్లలో ఉన్నంతసేపు చూసింది చేపల్ని కాదు, మమ్మల్ని. ఎవరు సైకిల్ తొక్కినట్టు మోకాళ్లతో కొడుతున్నారు, ఎవరు తుంటి నుంచి కాలు ఆడిస్తున్నారు, గొట్టంలో నీళ్లు చేరితే 'తూ' అని గట్టిగా ఊదకుండా ఎవరు కంగారుపడుతున్నారు, పగడం మీద ఎవరు నిలబడబోతున్నారు. కింద పసుపు మీద నల్లచారల సార్జెంట్ మేజర్ చేపలు గుంపులుగా వెళ్తున్నాయి. నీలం టాంగ్‌లు మేత మేస్తున్నాయి. పైన ఈల మోగుతోంది.

అలాంటి మనిషికి ఉన్నట్టుండి కాళ్ల కిందుగా ఒక తాబేలు కనిపించింది. తొందరేమీ లేకుండా రెక్కల్లాంటి చేతులాడిస్తూ పోతోంది. బాబాయి మాస్కు మర్చిపోయాడు, మీసం మర్చిపోయాడు, మమ్మల్ని పిలవాలన్న సంబరంలో చెయ్యి పైకెత్తి గట్టిగా ఊపాడు. మేం వెళ్లేలోపే లైఫ్‌గార్డు ఎర్ర రెస్క్యూ ట్యూబ్ పట్టుకుని దూకేశాడు. ఆ రోజు ఆయన తప్పిన నియమం అదొక్కటే, కళ్లారా చూసిన ప్రాణీ అదొక్కటే. లైఫ్‌గార్డుకు సంజాయిషీ చెప్పుకుంటున్నా ముఖం మాత్రం వెలిగిపోతోంది.

ఒడ్డుకొచ్చి కూర్చున్నాక పాలకొల్లు నుంచి వచ్చిన ఓ పెద్దాయన, కూతురింటికి చూడ్డానికొచ్చి ఈ గుంపులో చిక్కుకున్నవారు, అసలు ప్రశ్న అడిగారు. "ఆ పచ్చ చేప పులుసుకి బావుంటుందంటావా బాబూ, వేపుడుకా?"

"పట్టకూడదండీ, పార్కు. అది ప్యారట్ ఫిష్. దిబ్బను కొరికి నాచు తింటుంది. నమిలిన సున్నమంతా ఇసకై వెనకనుంచి వచ్చేస్తుంది. ఇలాంటి తెల్లటి ఇసకలో దాని వాటా బాగానే ఉంటుందండీ."

పెద్దాయన మాట్లాడకుండా లేచి, లుంగీ దులుపుకుని, కుర్చీలో కూర్చున్నారు.

ఈలోగా ఒక పిల్లాడు తనంత పొడుగు బారకూడా చేపను చూశానని పరిగెత్తుకొచ్చాడు. "పాతిక శాతం తీసెయ్," అన్నాడు బాబాయి. మాస్కులోంచి చూస్తే నీళ్లలో ఏదైనా మూడో వంతు పెద్దదిగా కనిపిస్తుంది, నాలుగో వంతు దగ్గరగానూ. పిల్లాడి బారకూడా చూస్తుండగానే చిక్కిపోయింది. మరొకామె చూసిన స్టింగ్‌రే చేపకూ అదే గతి పట్టింది. రాత్రి భోజనాల దగ్గర సొంత తాబేలు గురించి రెండు చేతులూ చాపి చెప్పినప్పుడు మాత్రం పాతిక శాతం ఎటో వెళ్లిపోయింది.

అది రాత్రి మాట. అంతకుముందు, మూడున్నరకు రమ్మన్న ఓడలోకి మాలో చాలామందిని రెండింటికే ఎక్కించేశాడు. పిజ్జా పళ్లేలతో పై డెక్ కటకటాల దగ్గర చోటు పట్టుకున్నాం. కోజుమెల్‌లో ఓడ బయలుదేరే ముందు రేవు కట్ట మీద పరిగెత్తుకొచ్చేవాళ్లను చూడ్డం డెక్ మీదవాళ్లకు ఉచిత వినోదం. "ఓడవాళ్ల టూర్లో వెళ్తే ఆలస్యమైనా ఓడ ఆగుతుంది. సొంతంగా వెళ్తే మన కాళ్లే దిక్కు," అని బాబాయి వ్యాఖ్యానం.

మూడూ ఇరవై ఎనిమిదికి కట్ట చివర రెండు చుక్కలు కనిపించాయి. దగ్గరికొచ్చేకొద్దీ ఇర్వింగ్ జంట అయ్యాయి. ఆ అమ్మాయి చేతిలో ఫిన్స్, అబ్బాయి చేతిలో చెప్పులు. డెక్ అంతా ఈలలు, కేకలు. తలుపు మూసేలోపు ఎలాగో లోపల పడ్డారు. కాసేపటికి రొప్పుతూ పైకొచ్చారు.

"ఏమైందిరా?"

"ఫోన్‌లో రెండున్నర చూపించిందన్నా. మీరు చెప్పారుగా అని గంట తీసేశాం. ఒకటిన్నరే కదా అని ఇంకోసారి నీళ్లలోకి దిగాం."

"ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఉన్న ఫోన్ దీవి టైమ్‌కు మారలేదురా! అది అప్పటికే ఓడ టైమ్! దాన్ని ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఎవరు పెట్టమన్నారు?"

"మీరేనన్నా."

వారం రోజుల ప్రయాణంలో బాబాయికి మాట దొరకనిది అప్పుడే. చెప్పిన రెండు ముక్కలూ నిజమే, ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడలేదంతే. మేమంతా ఆయన వంకే చూస్తున్నాం. మీసం ఒకసారి దువ్వుకుని, అబ్బాయి ముఖంలోకి పరీక్షగా చూశాడు. హడావుడిలో తీయడం మర్చిపోయిన మాస్కు వాడి నుదుటి మీదే ఉంది.

"దాన్ని అక్కడ పెట్టుకోవద్దని పొద్దున చెప్పానా?" అన్నాడు. ఒక క్షణం ఆగి, "సరేలే. ఇవాళ నీ పరిస్థితికి అక్కడుండడమే కరెక్టు," అన్నాడు.