పక్ కనపడదు, ప్రేక్షకుడు లెక్కకు రాడు

ఐస్ హాకీని టీవీలో చూపించేవాళ్లకు మొదటి చిక్కు, ఆడే వస్తువే కనపడకపోవడం. పక్ అనే నల్ల రబ్బరు బిళ్ల మందం అంగుళం, అడ్డం మూడంగుళాలు. గట్టిగా కొడితే గంటకు 160 కిలోమీటర్లు దాటుతుంది. గోల్ పడ్డ సంగతి కొత్త ప్రేక్షకుడికి వలవెనక ఎర్రదీపం వెలిగాక గానీ తెలియదు.

ఈ కష్టం తీరుస్తానని 1996లో ఫాక్స్ టీవీ నడుం కట్టింది. పక్‌ను రెండుగా కోసి, లోపల బ్యాటరీ, సర్క్యూట్ పెట్టి అతికించింది. తెరమీద దాని చుట్టూ నీలికాంతి. వేగం గంటకు 70 మైళ్లు దాటితే వెనకాల ఎర్రతోక. పౌరాణిక సినిమాలో అస్త్రం వదిలినప్పటి హంగంతా వచ్చింది. కొత్తవాళ్లు భలే అన్నారు. పాత అభిమానులు, ముఖ్యంగా కెనడావాళ్లు, మండిపడ్డారు. 1998తో ఆ వెలుగు ఆరిపోయింది. విచిత్రమేమిటంటే, దాన్ని తయారుచేసిన ఇంజినీర్లే అమెరికన్ ఫుట్‌బాల్ మైదానం మీద పసుపుగీత గీసి చూపిస్తే జనం నెత్తిన పెట్టుకున్నారు!

2004-05లో యజమానులకూ ఆటగాళ్లకూ జీతాల దగ్గర చెడి, ఉత్తర అమెరికా హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ సీజన్ మొత్తం రద్దయింది. హాకీ లేకున్నా, దాన్ని ప్రసారం చేసే ఈఎస్‌పీఎన్‌కు పొద్దు గడిచిపోయింది. ఆట మళ్లీ మొదలయ్యే వేళకు ముందు అనుకున్న ధరకు ప్రసార హక్కులు అక్కర్లేదంది. లీగ్ వెళ్లి, వేటలూ చేపల గాలాలూ సైకిల్ పందేలూ చూపించే ఓఎల్‌ఎన్ ఛానల్లో తలదాచుకుంది.

2007 మే 19న ఇంకో ముచ్చట. ఒటావా, బఫెలో జట్ల కీలక మ్యాచ్ సమంగా ముగిసి అదనపు సమయానికి వెళ్లింది. సరిగ్గా అప్పుడే ఎన్‌బీసీ ఛానల్ చాలా ఊళ్లలో హాకీని వదిలేసి ప్రీక్‌నెస్ గుర్రప్పందేనికి వెళ్లిపోయింది. గుర్రాలు ఇంకా పరుగైనా మొదలెట్టలేదు. నడుస్తున్నవి పందేనికి ముందు కబుర్లే. ఒటావా ఆటగాడు ఆల్‌ఫ్రెడ్‌సన్ కొట్టిన గెలుపు గోల్ కేబుల్ ఛానల్ పాలైంది.

ఇక టీఆర్పీల సంగతి. అమెరికాలో లెక్కలు తీసే నీల్సన్ అమెరికా ప్రేక్షకులనే లెక్కపెడుతుంది. ఎన్‌హెచ్‌ఎల్ ట్రోఫీ అయిన స్టాన్లీ కప్పు ఫైనల్‌కు కెనడా జట్టు చేరితే, దాని సొంతూరంతా టీవీల ముందు కూర్చున్నా అమెరికా ఛానల్ ఖాతాలో పడేది సున్నా. 2025లో ఫ్లోరిడా, కెనడా జట్టు ఎడ్మంటన్ ఆడిన ఫైనల్‌ను అమెరికాలో సగటున చూసింది పాతిక లక్షల మంది. అదే ఏడాది ఫిబ్రవరిలో, ఆల్‌స్టార్ వేడుకకు బదులుగా పెట్టిన నాలుగు దేశాల పోటీలో అమెరికా, కెనడా ఫైనల్‌ను అమెరికాలోనే 93 లక్షల మంది చూశారు. స్టాన్లీ కప్పుకు కదలనివాళ్లు, పక్కింటివాడితో తగవనేసరికి సోఫాల్లో సర్దుకు కూర్చున్నారు.

కెనడాలో ఇలాంటి బతిమాలుడేమీ ఉండదు. 1952 నుంచీ అక్కడి టీవీలో శనివారం రాత్రంటే హాకీయే. 2008 నుంచి పంజాబీ వ్యాఖ్యానమూ తోడైంది. 2016 ఫైనల్లో వ్యాఖ్యాత హర్నారాయణ్ సింగ్ పిట్స్‌బర్గ్ ఆటగాడు బొనీనో పేరును గుక్కతిప్పుకోకుండా వల్లిస్తే, ఆ జట్టు పంజాబీ వ్యాఖ్యాతల బృందాన్ని తన విజయోత్సవానికి పిలిపించుకుంది. 2010 ఒలింపిక్ హాకీ ఫైనల్‌ను సగటున 1.66 కోట్ల మంది కెనడియన్లు చూశారు. అంటే దేశంలో దాదాపు సగం. 2025లో రోజర్స్ సంస్థ మరో 12 ఏళ్ల ఎన్‌హెచ్‌ఎల్ ప్రసార హక్కులకు 1,100 కోట్ల కెనడా డాలర్లు ఒప్పుకుంది. అంత సొమ్ము పలికించిన ఆ ప్రేక్షకుల్లో ఒక్కరూ నీల్సన్ అమెరికా లెక్కలోకి రారు.