మూత తీయని మహారాజులకు

తాండూరులో బండల పాలిషింగ్ యూనిట్ లెక్కలకో, వికారాబాద్‌లో జిరాక్స్ షాపుకో కంప్యూటర్ కొంటున్నారా? ముందుగా, మూత తీసి చూపించమని షాపాయనను అడగొద్దు. కొత్త కోడలి పెట్టె తెరిచి చూసినట్టుంటుంది.

పెట్టె ఎంత సన్నగా ఉంటే అంత మేలు. మామూలు టవర్‌లో పెద్ద గ్రాఫిక్స్ కార్డు పడుతుంది, పడితే పోరలు ఆటలకు మరుగుతారు. సన్నపెట్టెలో సగం ఎత్తు కార్డులే పడతాయి. అవి వెతికేలోపు పోరడి ఇంటర్ అయిపోతుంది.

ఎస్‌ఎంపీఎస్ మీద ఎన్ని వాట్లో చదవకండి. కంపెనీ ఆఫీసు మోడళ్లలో 180, 200 మామూలే. తర్వాత బజారులో 450 వాట్లది తెచ్చారనుకోండి, చాలా మోడళ్ల బోర్డు మీద అందరూ వాడే 24 పిన్నుల సాకెట్ ఉండదు, ఆ కంపెనీ సొంతది ఉంటుంది. స్క్రూల జాగా కూడా కలవకపోవచ్చు. ఇంతకన్నా భద్రత ఏం కావాలి? ఎవరొచ్చినా ఏమీ మార్చలేరు!

ర్యామ్ స్లాట్ ఒక్కటే ఉన్న బోర్డు వెతకండి. 8 జీబీ చాలనప్పుడు దాన్ని పీకి దేవుడి గూట్లో పెట్టి 16 కొనొచ్చు. కొనేటప్పుడు డీడీఆర్4, డీడీఆర్5 తేడా పట్టించుకోవద్దు. గాటు కలవకపోతే గట్టిగా నొక్కండి. వేలూ మీదే, బోర్డూ మీదే.

ప్రాసెసర్ సాకెట్ ఊసు అసలే వద్దు. 2017లో ఏఎండీ ఏఎం4 బోర్డులు కొన్నవాళ్లలో చాలామంది బయాస్ అప్‌డేట్ చేసి, 2022లో వచ్చిన 5800ఎక్స్3డీ ప్రాసెసర్‌ను దాంట్లోనే బిగించుకున్నారు. అన్నేళ్లు ఒకే బోర్డా? ఇంటెల్‌ది పద్ధతి: ఏడో తరానికీ ఎనిమిదో తరానికీ పిన్నులు అవే 1151, అయినా ఏడో తరం బోర్డులో ఎనిమిదోది నడవదు.

సెకండ్‌హ్యాండ్ అయితే సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో స్టిక్కర్ మీద 'ఐ7' కనబడితే చాలు, ఎన్నో తరమని అడగొద్దు. విండోస్ 11 ఎనిమిదో తరం నుంచే కావాలంటుంది, విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ ఆగింది. అవి మైక్రోసాఫ్ట్ బాధలు.

బండల దుమ్ము ఫ్యాన్‌ను మూసేదాకా ఊదొద్దు.

వారంటీ ఇంటికొచ్చి చేసేదా, మనమే మోసుకెళ్లేదా అని అడక్కండి. తాండూరు నుంచి పెట్టెను ఒళ్లో పెట్టుకుని రైల్లో పోతే వికారాబాద్, శంకర్‌పల్లి, లింగంపల్లి అన్నీ చూడొచ్చు.