బంపరు కాపరి

కారు మీద మెరిసే లోహపు సామాను తుప్పు పట్టకుండా చూసుకోవడమే జీవితాశయంగా పెట్టుకున్న గృహస్థుణ్ణి బంపరు కాపరి అంటారు. విశాఖ చుట్టుపక్కల విరివిగా కనిపిస్తాడు. సబ్బవరంలో ఏ వీధి తిరిగినా ఒకడు తగలకపోడు. వయసు యాభై దాటి ఉంటుంది. ఉక్కు ఫ్యాక్టరీలోనో పోర్టులోనో పనిచేసి రిటైరైనవాడైతే, ఇనుము సంగతి తనకు ఇంకొకరు చెప్పేదేమిటన్న ధీమా అదనం. కారు నడపడం అతనికి రెండో పని, తుడవడం మొదటిది.

పాత అంబాసిడర్ ఉన్నవాడు ఈ జాతిలో జమీందారు. 1957లో మొదలై 2014లో తయారీ ఆగిపోయిన ఆ కారుకు పాతరోజుల్లో ముందూ వెనకా క్రోమ్ పూసిన ఇనుప బంపర్లు, వీల్ కప్పులు, నోరంతా గ్రిల్లు ఉండేవి. ఇప్పటి కార్లకు బంపరు ప్లాస్టిక్. గ్రిల్లు మీద తళతళలాడేది కూడా చాలావరకు ప్లాస్టిక్ మీద వేసిన పూతే, తుప్పు పట్టాలన్నా దాని కింద ఇనుము ఉండదు. ఈ మాట కొత్త కారు కాపరి చెవిన వేసినవాడితో అతను వారం రోజులు మాట్లాడడు.

క్రోమియం స్వతహాగా తుప్పు పట్టే లోహం కాదు. అయితే బంపరు మీద దాని మందం మామూలుగా అర మైక్రాను దాటదు, అంటే తలవెంట్రుకలో నూరో వంతు కూడా కాదు. దాని కింద 20, 30 మైక్రాన్ల నికెల్ ఉంటుంది. ఇనుముకు అసలు కాపలా నికెల్‌దే. ఆ నికెల్ మాసిపోకుండా, గీతలు పడకుండా చూడటం క్రోమ్ పని. పూతలో కంటికి ఆనని సూదిబెజ్జాలు ఉంటాయి. గాలిలో తేమ 60 శాతం దాటితే ఇనుముకు గండమే, ఉప్పు తోడైతే అంతదాకా కూడా ఆగదు. బెజ్జంలోంచి దిగిన తడికి తుప్పు లోపల పుట్టి, పూతను పొక్కులా లేపి, చివరికి గోధుమరంగు చుక్కై పైకి వస్తుంది. కాపరికి కనబడేది ఆ చుక్క ఒక్కటే.

ఆదివారం తెల్లవారగానే కారు మీది టార్పాలిన్ కవరు తీస్తాడు. మంచు పడకుండా కప్పిన ఆ కవరు లోపలి వైపు నీటిబొట్లు వరసగా వేలాడుతుంటాయి. రాత్రంతా తేమను బయటికి పోనివ్వనిది అదే. తర్వాత మూడు బనీను గుడ్డలు దిగుతాయి: తడిది, పొడిది, బంపరుకు తప్ప దేనికీ వాడకూడనిది. దేవుడి గదిలో కుందులు తోమే ఇత్తడి పాలిషు చిటికెడు తీసి, చిన్న చిన్న సున్నాలు చుడతాడు. దగ్గరగా వంగి ‘హా’ అని ఊపిరి వదులుతాడు, ఆవిరి ఆరకముందే రుద్దుతాడు. వంపు తిరిగిన ఇనుములో తన మీసం రెండంగుళాలు ఎక్కువ కనబడితే పాలిషు కుదిరినట్టు.

“ఏటి బావా, ఇంకా తుడస్తన్నావేటి?” అంటాడు గేటు దగ్గర ఆగిన పొరుగాయన.

“ఉప్పుగాలి బావా, వదిలీస్తే తినీదూ?”

ఆ పాలిషులో ఉండేది రాపిడి పొడి. ఏళ్ళ తరబడి రుద్దగా బంపరు మూలల్లో క్రోమ్ అరిగి, నికెల్ లేత పసుపుగా బయటపడుతుంది. కాపరి దాన్ని చుట్టాలకు చూపించి, పాతకాలం సరుకు కాబట్టే బంగారంలా తేలిందంటాడు.

నిజానికి సముద్రపు ఉప్పు చాలామటుకు ఒడ్డు నుంచి ఒకటి రెండు కిలోమీటర్లలోనే రాలిపోతుంది. ఒడ్డుకు దూరంగా ఉన్న సబ్బవరానికి చేరేది తక్కువే. ఆ లోటు కాపరే తీరుస్తాడు. తుడిచిన కారును సాయంత్రం ఆర్కే బీచికి తీసుకెళ్ళి, 2002 నుంచి మ్యూజియంగా ఉన్న కురుసుర జలాంతర్గామికి దగ్గరలో, పదిమందికీ కనబడేలా గాలికి ఎదురుగా నిలబెడతాడు.

వంటింటి వైద్యమూ చేస్తాడు. ఇత్తడి బిందెకు పనికొచ్చిన చింతపండు, నిమ్మచెక్క అల్యూమినియం చక్రానికి పనికిరావా అని అతని వాదం. అల్యూమినియాన్ని కాపాడేది దానంతట అదే కట్టుకునే పలచని ఆక్సైడు పొర. పులుపే కాదు, చాకలిసోడా కూడా దాన్ని కరిగిస్తుంది. బిర్యానీ పొట్లం వెండికాగితాన్ని నీళ్ళలో ముంచి రుద్దితే క్రోమ్ మీది పైతుప్పు గీతపడకుండా వదులుతుంది, ఆ కాగితం అల్యూమినియం, క్రోమ్ కంటే మెత్తన. మెకానిక్కు షెడ్డు కుర్రాడు చెప్పాడు గనుక కాపరి దీన్ని నమ్మడు.

తడి తగిలితే ప్రాణం విలవిల్లాడే ఇతను కారు పూజకు వెళ్ళినప్పుడు సంపత్ వినాయకుడి గుడి ముందు మాత్రం వేరే మనిషి. పసుపు, కుంకుమ, బంపరు మీద కొట్టిన కొబ్బరికాయ నీళ్ళు మర్నాటి దాకా అలాగే ఉండాలి. తుడిస్తే దోషం.

చేయవలసింది కొంచెమే. బీచి నుంచి రాగానే మంచినీళ్ళతో కడగడం, అడుగుభాగం కూడా. పూర్తిగా ఆరాక బ్రెజిల్ తాటిజాతి చెట్టు ఆకుల నుంచి తీసే కార్నౌబా మైనం పలచగా పట్టించి, రెండు మూడు నెలలకోసారి మళ్ళీ రాయడం. బంపరు వెనక్కి రంగో గ్రీజో పూయడం. వెనకవైపు పూత సరిగా అందదు. బురద, తడి ఆకులు నిలిచేదీ అక్కడే. అక్కడ చూడాలంటే నేల మీద పడుకోవాలి, కాపరికి నడుం నొప్పి.

షెడ్డులో బంపరు విప్పి తిరగేసినప్పుడు, మెకానిక్కు వేలు ఆనించిన చోటల్లా ఎర్రటి పెచ్చులు రాలతాయి. ఒకచోట వేలు దూరిపోతుంది కూడా. కాపరి చాలాసేపు మాట్లాడడు. తర్వాత జేబులోంచి మూడో గుడ్డ తీసి, బంపరును తన వైపు తిప్పుకుని, ముందువైపు పడిన మెకానిక్కు వేలిముద్ర తుడుస్తాడు.