పేడ మీద అయిదు నక్షత్రాలు

మనిషి జాడ లేని అడవిని ఒక మనిషికి చూపించడానికి ఎంతమంది మనుషులు కావాలో తెలియాలంటే, కెన్యాలోని మసాయి మారా వన్యప్రాణి రిజర్వులో ఖరీదైన లాడ్జీ ఒకదాని వెనకవైపు చూడాలి. ముందువైపు గడ్డి, ఆకాశం, ఓ ఏనుగు మాత్రమే ఉంటాయి. డబ్బు కట్టింది వాటికే కదా. వెనకవైపు వంటవాళ్లు, బట్టలుతికేవాళ్లు, నీళ్లు కాచేవాళ్లు, జనరేటర్ మెకానిక్కు, జీపు డ్రైవర్లు, ఒళ్లు పట్టే అమ్మాయి ఉంటారు. చీకటి పడ్డాక అతిథిని భోజనాల దగ్గర్నుంచి గుడారం దాకా టార్చిలైటుతో దిగబెట్టడానికి ఒక కాపలాదారు, అక్కడి మాటలో అస్కారి, ఉంటాడు. ఇంత బలగమూ కనబడకుండా తిరుగుతూ చాకిరీ చేస్తే తప్ప అతిథికి ఏకాంతం దొరకదు.

ఎవరి సరదానీ తప్పుపట్టడం లేదు. సింహాన్ని చూడాలనుకోవడం మంచి కోరికే. నా గొడవంతా బ్రోచర్లతో. ఇది మనిషి అడుగు పడని నేల అంటాయి. కాలం ఆగిపోయిన చోటు అంటాయి. మీలాంటివాళ్లు వచ్చి ఉండబట్టే ఈ అడవి బతికి బట్టకట్టిందని చివర్లో మెడలో దండ కూడా వేస్తాయి. ఈ మూడు మాటలకూ కలిపి రాత్రికి వెయ్యి డాలర్లో, రెండు వేలో, ఇంకా పైనో.

ముందు కాలం సంగతి చూద్దాం, అది తేలిక. నైరోబీలోని విల్సన్ ఎయిర్‌పోర్టులో చిన్న విమానం ఎక్కితే ముప్పావుగంటలో మారాలో మట్టి రన్‌వే మీద దిగుతారు. సామాను మనిషికి 15 కిలోలు దాటకూడదు, అదీ మెత్తటి సంచిలోనే. (హైదరాబాద్ నుంచి వెళ్లే బృందాల్లో ఆ పదిహేను కిలోల్లో ఆవకాయ వాటా ఎంతన్నది ఆ ఇంటి గృహిణి నిర్ణయిస్తుంది.) దిగగానే ముఖం తుడుచుకోడానికి చల్లటి తువాలు. గుడారంలో పందిరిమంచం, రాగి స్నానపు తొట్టి, పడుకునే వేళకి దుప్పటి కింద వేడినీళ్ల సంచి. పొద్దు వాలేసరికి గుట్ట మీద జీపు ఆపి, మడతబల్ల వేసి, జిన్నులో టానిక్ కలిపి ఇస్తారు. సన్‌డౌనర్ అంటారు దీన్ని, దొరల కాలం అలవాటు. కాబట్టి కాలం ఆగిపోయిందన్న మాట అబద్ధం కాదు. సరిగ్గా 1925 ప్రాంతంలో, దొరగారు కుర్చీలో కూర్చుని మిగతావాళ్లు నిలబడి ఉన్నప్పుడు ఆగింది.

వేట కూడా పూర్తిగా పోలేదు. 1909లో అమెరికా మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ కొడుకుని వెంటబెట్టుకొచ్చి, ఇద్దరూ కలిసి 500కు పైగా పెద్ద జంతువుల్ని కాల్చారు. మ్యూజియం కోసమట. కెన్యా 1977లో వేటను నిషేధించింది. అయితే నడిచి వెళ్లి చంపడం కష్టమని వేటగాళ్లు వేసుకున్న అయిదింటి జాబితా మాత్రం ‘బిగ్ ఫైవ్’ పేరుతో టూరిస్టు చేతికొచ్చింది. సింహం, చిరుత, ఏనుగు, ఖడ్గమృగం, అడవిదున్న. జిరాఫీ ఎంత పొడుగు పెరిగినా అందులో చోటు లేదు. రేడియోలో ‘చుయి’ అన్న మాట, అంటే చిరుత, వినబడిందా, నలుమూలల నుంచీ జీపులు దుమ్ము రేపుకుంటూ వచ్చి ఒక్క చెట్టు చుట్టూ మూగుతాయి. అన్ని జీపుల్లోని వాళ్ల ఆరాటమూ ఒకటే, పక్క జీపు పడకుండా ఫొటో రావాలి. రోజుకి ఇరవై గంటల దాకా పడుకునే సింహానికి ఇదంతా పట్టదు. అతిథి మాత్రం ఆ నిద్రని గంటసేపు వీడియో తీసుకుంటాడు.

ఇక మనిషి అడుగు పడని నేల. అన్నిటిలోకీ నాకు నచ్చిన అబద్ధం ఇదే. 2018లో ‘నేచర్’ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. నైరుతి కెన్యాలో, మారా ఉన్న నరోక్ ప్రాంతంలోనే, రెండు మూడు వేల ఏళ్ల కిందట పశుకాపరులు రాత్రిళ్లు మందల్ని తోలిన దొడ్ల జాగాలు తవ్వి చూశారు. ఆ పేడ మట్టికిచ్చిన సారం, భాస్వరం, నత్రజని, కాల్షియం, ఇప్పటికీ చెక్కుచెదరలేదు. అలాంటి జాగాల్లోనే మంచి పచ్చిక పెరుగుతుంది, అడవి జంతువులూ అక్కడే ఇష్టంగా మేస్తాయి. అంటే, జీబ్రా మేస్తుంటే ప్రకృతి సహజ సౌందర్యమని కళ్లు చెమర్చుకుంటున్నాం చూశారా, ఆ గడ్డిలో కొంత ఆవులు పెట్టిన పెట్టుబడి. మనిషి అడుగు పడకపోవడమేమిటి, మనిషి వెనక మంద మందంతా వచ్చి పేడ వేసి మరీ వెళ్లింది.

మరి ఆ నేల ఖాళీగా ఎలా కనబడింది? 1880ల చివర ఇటలీ సైన్యం దిగుమతి చేసుకున్న పశువులతో రిండర్‌పెస్ట్ అనే పశువుల మహమ్మారి ఆఫ్రికా కొమ్ములోకి వచ్చింది. 1890లు మొదలయ్యేసరికి ఈ ప్రాంతపు పశుకాపరులైన మసాయిల మందల్ని ఊడ్చేసింది. వెనకే కరువు, మశూచి వచ్చి మనుషుల్ని తీసుకుపోయాయి. ఆ తర్వాత దిగిన తెల్లవాళ్లకి నేలంతా నిర్మానుష్యంగా కనబడింది. దేవుడు ఇలాగే చేసి వదిలాడనుకున్నారు, ఇలాగే ఉంచాలనీ అనుకున్నారు. టాంజానియాలోని సెరెంగెటి పార్కు నుంచి 1959లో మసాయిల్ని కదిలించి, పక్కనున్న ఎన్‌గొరొంగొరోలో పశువులతో సహా ఉండండన్నారు. 2022 నుంచి అక్కడా వద్దు, 600 కిలోమీటర్ల అవతల మ్సొమెరాలో ఇళ్లు కట్టాం పొండంటున్నారు. ఇష్టమున్నవాళ్లే వెళ్తున్నారని ప్రభుత్వం చెబుతోంది. అదే ఏడాది జూన్‌లో టాంజానియాలోనే లొలియొండోలో 1,500 చదరపు కిలోమీటర్ల మేతభూమికి హద్దురాళ్లు పాతడానికి బలగాలు దిగితే ఘర్షణ జరిగింది. ఒక పోలీసు చనిపోయాడు. దెబ్బలు తగిలిన మసాయిలు సరిహద్దు దాటి కెన్యాలోకి పారిపోయారు. బ్రోచర్లో ఉన్న నిశ్శబ్దం ఇలా తయారవుతుంది.

ఖాళీ చేయించినవాళ్లని మళ్లీ పిలవడం కూడా ఉంది, రాత్రి భోజనం వేళ. నెగడు చుట్టూ ఎర్ర దుప్పట్లు కప్పుకున్న యువకులు ‘అడుము’ నాట్యం చేస్తారు, నిలువునా గాల్లోకి ఎగురుతారు. రెండో పెగ్గు తర్వాత అతిథి కూడా ఎగురుతాడు, నేల మాత్రం వదలదు. పగలు ఆవుల్ని తోలుకుని రిజర్వులోకి వస్తే జరిమానా, రాత్రి ఆవుల్ని వదిలేసి పూసలు వేసుకొస్తే జీతం. మసాయిల సంస్కృతి అంటే వీళ్లకెంత గౌరవమంటే, అందులోంచి ఆవుని ఒక్కదాన్నే తీసేశారు.

2025 ఆగస్టులో రిట్జ్ కార్ల్టన్ పేరుతో మారాలోని సాండ్ నది ఒడ్డున కొత్త క్యాంపు తెరిచారు. ఇరవై గుడారాలు, గుడారానికో సొంత ఈతకొలను. అది వైల్డ్‌బీస్ట్ మందల వలసదారిలో ఉందని ఒక మసాయి విద్యావేత్త నరోక్ కోర్టుకెళ్లారు. దారిలో లేదనీ అనుమతులన్నీ ఉన్నాయనీ అవతలివాళ్లు అన్నారు. ఆ తగువు నేను తీర్చేది కాదు. నాకు అంతుపట్టనిది ఆ ఈతకొలను. పది లక్షలకు పైగా జంతువులు వాన పడిన చోటు వెతుక్కుంటూ వందల కిలోమీటర్లు నడిచి, మొసళ్ల నోట పడుతూ నది దాటుతుంటే, ఆ తాపత్రయాన్ని మెడలోతు నీళ్లలో నిలబడి చూడొచ్చన్న ఆలోచన ఏ మీటింగులో పుట్టి ఉంటుంది?

మూడో మాట, మీ బస వల్లే అడవి బతుకుతోందన్నది. ఇందులో నిజం పాలు లేకపోలేదు. మారాని ఆనుకుని ఉన్న నబోయిషో లాంటి కన్జర్వెన్సీల్లో, అంటే మసాయిల సొంత భూముల్లో వన్యప్రాణులకి కేటాయించిన చోట్ల, లాడ్జీలు మసాయి భూయజమానులకి అద్దె కడతాయి, జీపుల మంద లేకుండా చూస్తాయి. అది మంచి ఏర్పాటే. 2020లో విమానాలు ఆగిపోగానే ఆ అద్దెలకి కటకట వచ్చిందనుకోండి. కానీ రిజర్వు ప్రవేశ రుసుము విదేశీయుడికి రోజుకి 100 డాలర్లు, జూలై నుంచి డిసెంబర్ దాకా 200. లాడ్జీ బిల్లులో మిగతాదంతా రాగి తొట్టికీ జిన్నుకీ. సింహాన్ని కాపాడటమే ధ్యేయమైతే ఇంట్లో కూర్చుని డబ్బు పంపొచ్చు. ఆస్పత్రికి విరాళమిచ్చి, ఆపరేషన్ థియేటర్లో కుర్చీ వెయ్యమని అడుగుతామా?

మనవాళ్ల తాకిడి ఇంకా పెరుగుతుంది. రాజమౌళి కొత్త సినిమాకి కెన్యాలో షూటింగ్ చేసొచ్చాక ఎలాగూ తప్పదు. వెళ్లండి. తిరిగొచ్చి మసాయిలు ఎంత అందంగా అడవితో కలిసి బతుకుతారో ఆల్బమ్ పెట్టండి. నల్లమలలో చెంచులుంటే పులులకి ఇబ్బంది, వాళ్లని బయటికి పంపాలి అన్న మాట అదే నోటితో ఓ నెల ఆగి అనండి, పోయేదేముంది.

లాడ్జీలవాళ్లకి మాత్రం ఒక సూచన. బిల్లులో పన్నులు, పార్కు రుసుము, బట్లర్ టిప్పు వేస్తున్నారు కదా, కింద ఇంకొక్క పద్దు చేర్చండి: పచ్చికకి వేసిన ఎరువు, రెండు మూడు వేల ఏళ్ల బకాయి. వడ్డీ మాఫీ చేయమని అడిగి చూడొచ్చు, బేరం మసాయిలకి కొత్త కాదు, పశువుల సంతలో రోజూ చేసేదే.