కుళాయి ఏ నక్షత్రంలో పుట్టింది?

లేబుళ్లను నమ్మకూడదని మా ఆమదాలవలస వాళ్లకు రైలే నేర్పింది. దిగేది మా ఊళ్లో, బోర్డు మీద ఉండేది ‘శ్రీకాకుళం రోడ్’. టిక్కెట్టు మీద కోడు సి.హెచ్.ఇ., దొరలు శ్రీకాకుళాన్ని చికాకోల్ అనే రోజులనాటిది. కొత్త అల్లుళ్లు శ్రీకాకుళం వచ్చేసిందని దిగిపోతారు. ఊరింకా దూరమని ఆటోవాడు చెప్పాలి.

అలాంటి ఊళ్లో శానిటరీ షాపుకెళ్లి, “ఈ కుళాయి నిమిషానికి ఎన్ని లీటర్లు వదులుతుంది?” అని అడిగాను. షాపతను జాలిగా చూసి కుళాయిని నా అరచేతిలో పెట్టాడు.

“బరువు చూడండి మాస్టారూ. గట్టి ఇత్తడి.”

“నీళ్ల సంగతి?”

“ఫోర్సుకి ఢోకా లేదు!”

ఏసీకీ ఫ్రిజ్‌కీ స్టార్లు లెక్కపెట్టి బేరమాడే మనం, కుళాయి దగ్గరికొచ్చేసరికి వంకాయలు ఏరినట్టు ఏరతాం. కరెంటు సామాన్లకు 2006 నుంచీ స్టార్లున్నాయి, బిల్లు నెలనెలా గుండెల మీద పడుతుంది కాబట్టి. బోరు నీళ్లకు బిల్లెవరు పంపుతారు? ఆ పాపమంతా మోటారు కరెంటులో కలిసిపోతుంది.

కుళాయిలకు స్టార్లు లేవా అంటే ఉన్నాయి. మన ప్రమాణాల సంస్థ, ఐ.ఎస్.ఐ. ముద్ర వేసేదే, 2021లో ఐ.ఎస్. 17650 అని ఒకటి రాసింది. నీళ్లు ఎంత పొదుపుగా వదిలితే అంత మర్యాద: కుళాయిలకూ కమోడ్లకూ ఒకటి నుంచి మూడు స్టార్లు. 2022లో కేంద్రం ‘భారత్ ట్యాప్’ అంటూ 40 శాతం దాకా నీళ్లు మిగిలే కుళాయిల మాటెత్తింది. ఇవేవీ మా షాపతని చెవిన పడ్డట్టు లేవు.

మెల్‌బోర్న్‌లో ఉన్న మా మేనకోడలు వాళ్ల షవర్ డబ్బా ఫొటో పంపింది. అక్కడ 2005లోనే చట్టం చేశారు. కుళాయైనా షవరైనా స్టార్లూ, నిమిషానికెన్ని లీటర్లో అంకే లేకుండా అమ్మకూడదు. స్టార్లు ఆరు దాకా ఉంటాయి. ఫొటో చూసి మావయ్య, అంటే మా ఆవిడ నాన్నగారు, సంబరపడ్డారు.

“స్టార్లు ఎక్కువుంటే నీళ్లు ఎక్కువొస్తాయేటి?”

“తక్కువొస్తాయండి.”

“మరి ఎక్కువ డబ్బులెట్టి తక్కువ నీళ్లు కొనడవేటి, అల్లుడూ!”

ఎలాగో ఫోమ్ ఫ్లో కుళాయి ఒకటి సంపాదించాను. దాని మూతికి చిన్న జాలీ ఉంటుంది. అందులోంచి నీళ్లు గాలి కలుపుకుని, తెల్లగా, మెత్తగా, చేతికి నిండుగా తగులుతాయి. ప్లంబరు దాన్ని బిగించి, నేను టీ తెచ్చేలోగా ఆ జాలీ విప్పి జేబులో వేసుకున్నాడు.

“ఇదుంటే ఫోర్సు రాదు బావూ. పైగా ఉప్పు పట్టీస్తాది.”

రెండో మాట నిజమే. మా బోరు నీళ్లకు జాలీ తెల్లగా పూడిపోతుంది. అప్పుడప్పుడు విప్పి నిమ్మరసంలో పడేస్తే మళ్లీ తేరుకుంటుంది. జాలీ అతని జేబులోంచి రాబట్టి, మావయ్య ఎదుటే 15 లీటర్ల బకెట్ పెట్టాను. అది లేకుండా నిమిషం దాటగానే నిండింది. బిగించాక రెండు నిమిషాలు దాటింది. ఆయన తీర్పు: “సూసినావా, దీంతో ఆలీసం!”

కమోడు దగ్గర గొడవ వేరు. ఒక టాంకుకి రెండు బొత్తాలు పెట్టాలన్న పద్ధతిని 1980లో ఆస్ట్రేలియాలోనే కరోమా కంపెనీ తెచ్చింది. చిన్నదానికి సగం నీళ్లు, పెద్దదానికి మొత్తం. మా టాంకు మీద మాత్రం రెండు చంద్రవంకలు తప్ప అక్షరం లేదు. వచ్చిన చుట్టమల్లా దేనికైనా మంచిదని రెండూ కలిపి నొక్కేవాడు. మా ఆవిడ బడిపంతులమ్మ. చీటీలు కత్తిరించి, ఒకదాని మీద ‘ఒంటికి’, రెండోదాని మీద ‘రెంటికి’ అని గుండ్రంగా రాసి అతికించింది. దేశంలో ఇంతకంటే తేటైన లేబుల్ ఉంటుందనుకోను.

మర్నాడు మావయ్య లోపలుండగా ఆ బొత్తామూ ఈ బొత్తామూ ఒకదాని తర్వాత ఒకటి మోగాయి. తలుపు తీయగానే మా ఆవిడ నిలదీసింది.

“నాన్నా, చదువుకున్నారు కదా!”

“సదివే నొక్కినానే. రెండూ అయ్యాయి మరి.”